పరువు ముఖ్యమా? బిడ్డ ముఖ్యమా?



మన కాలనీలలో ఒక మంచి అలవాటు ఉన్నది. ఒక ఇంటిలో టైఫాయిడ్ వచ్చినదని తెలిస్తే సాయంత్రానికి నాలుగు ఇండ్ల నుండి గంజి, పాలు, పండ్లు వస్తాయి. ఒకరు ఆసుపత్రిలో రాత్రి కూర్చుంటారు. మరొకరు పిల్లలను తమ ఇంటికి తీసుకొని వెళ్తారు. సొంత ఊరు విడిచి రెండు మూడు తరములుగా పరభాషవారి మధ్య బ్రతుకుచున్న మనకు ఇదే బలము. కాని అదే ఇంటిలో ఒక యౌవనస్థుడు గంజాయికో, మాత్రలకో, సారాకో అలవాటుపడినాడని తెలిసిన రోజున ఏమి జరుగుతుంది? మొట్టమొదట తలుపు మూసుకుంటుంది. లోపలివారు బయటికి చెప్పరు. బయటివారు తెలిసినా తెలియనట్టు ఉంటారు. రెండు ప్రక్కలా దీనికి ఒకటే పేరు: పరువు.

బిడ్డ తప్పును దాచి ఇంటి పరువు కాపాడుట ప్రేమ అగునా? ఈ ప్రశ్న మీ ముందు పెట్టుటకు నాకు అర్హత ఉన్నదని కాదు, ఒకప్పుడు దానికి నేను తప్పు జవాబు చెప్పాను గనుక వ్రాయుచున్నాను.

హుబ్బళ్ళి రైల్వే వర్క్‌షాపులో ముప్పది నాలుగు సంవత్సరములు పని చేసి విశ్రాంతి తీసుకొన్నవాడను. నా చెల్లెలు మా వీధిలోనే ఉంటుంది. 2012లో ఆమె కుమారుడు సెకండ్ పి.యు.సి. చదువుతుండగా ఒక రోజు బట్టలు ఉతుకుచు అతని ప్యాంటు జేబులో ఒక కాగితపు పొట్లము చూచింది. వాసన చూచి భయపడి నేరుగా నా దగ్గరకు వచ్చింది. “అన్నయ్యా, ఇదేమిటో చూడు” అని చేతిలో పెట్టింది. అది గంజాయి.

ఆ రోజు నేను చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ జ్ఞాపకమున్నవి. “చెల్లీ, ఎవరితోనూ అనవద్దు. పెద్దమ్మాయికి సంబంధము చూస్తున్నాము. బయటికి పొక్కితే ఎవరు వస్తారు? పోలీసుల దాకా వెళితే వాని బ్రతుకే పోతుంది. నేను వానితో మాట్లాడతాను” అన్నాను. మాట్లాడాను కూడ. అరగంట గద్దించాను. వాడు ఏడ్చి, “ఇక ముట్టను మామయ్యా” అన్నాడు. నేను నమ్మాను. నమ్ముట నాకు సులువుగా ఉన్నది గనుక నమ్మాను.

రెండు సంవత్సరములు దాచాము. ఆ కాలములో పెద్దమ్మాయి పెండ్లి అయినది. పరువు నిలిచినది. కాని మేనల్లుడు గంజాయి నుండి నొప్పి మాత్రలకు వెళ్ళాడు. ఇంటిలో ఇత్తడి బిందెలు ఒక్కొక్కటిగా పోయినవి. 2014లో ఒక రాత్రి వాడు స్పృహ లేక పడిపోతే అప్పుడు వైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్ళాము.

ఇంతవరకు జరిగినది మా ఇంటి నష్టము మాత్రమే. అసలు సంగతి తరువాత తెలిసినది. మా వీధి చివర మరొక తెలుగు కుటుంబమున్నది. ఆ ఇంటి అబ్బాయి మా వానికంటె రెండేండ్లు చిన్న. వీని వెంటనే తిరిగేవాడు. వీని దగ్గరనే నేర్చుకున్నాడు. 2015లో అతడు ఇల్లు విడిచి బొంబాయి రైలు ఎక్కాడు. అప్పుడప్పుడు ఫోను చేస్తాడు గాని తిరిగి రాలేదు. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆ తల్లి నన్ను మెట్ల దగ్గర ఆపి, “అన్నా, మీకు ముందే తెలుసునా?” అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ ప్రశ్నను ఇన్ని సంవత్సరములు మోసిన తరువాత నాకు తోచిన సంగతులు మీతో పంచుకొనుచున్నాను.

మొదట, దాచేవారి పక్షమున న్యాయముగా మాట్లాడవలెను. వారు చెడ్డవారు కారు. బిడ్డ ఒకసారి చేసిన తప్పు వాని నుదుట జీవితాంతము ముద్రగా మిగలకూడదని కోరుకొందురు. చెల్లెలి పెండ్లి ఆగకూడదని చూతురు. పదిమంది నోళ్ళలో నలిగితే పిల్లవాడు మరింత మొండికెత్తునని భయపడుదురు. ఈ భయములన్నియు నిజమే. మన సంఘములలో ప్రార్థన మనవి అనే పేరుతో ఇతరుల ఇంటి సంగతులు ఎంత వేగముగా ప్రయాణము చేస్తాయో మనకు తెలియనిది కాదు. ఆ నోటి దురుసు ఉన్నంతకాలము తలుపులు మూసికొనిన తల్లిదండ్రులను మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు.

అయితే కప్పుట వేరు, దాచుట వేరు. ఒకడు గాయపడి వీధిలో పడియుంటే అతని మీద దుప్పటి కప్పుతాము. అది అతని మానము కాపాడుటకు. కాని గాయము వైద్యునికి కనబడకుండ దుప్పటి పట్టుకొని నిలువబడితే అది ఎవరి కొరకు? కప్పుట బిడ్డ కొరకు చేసే పని. దాచుట మన కొరకు చేసికొనే పని. ఈ రెండింటిని వేరు చేయుటకు నాకు ఒక పరీక్ష దొరికినది. “ఈ సంగతి ఎవరికి తెలియకూడదు?” అని అడుగుకొనుటకు బదులు “ఎవరికి తెలిస్తే వీనికి మేలు?” అని అడుగుకొనవలెను. వైద్యునికి తెలియవలెను. నమ్మదగిన ఒక ఉపాధ్యాయునికి, ఒక పెద్దకు తెలియవలెను. వానితో తిరిగే పిల్లల తల్లిదండ్రులకు తెలియవలెను. మిగిలినవారికి తెలియనక్కరలేదు. నేను 2012లో ఈ రెండవ ప్రశ్న అడిగియుంటే, వీధి చివరి ఆ తల్లి పేరు నా జాబితాలో మొదటనే ఉండేది.

పోలీసుల భయమును గూర్చి ఒక మాట. మన దేశములో మాదక ద్రవ్యముల చట్టము 1985లో వచ్చినది. గంజాయి సేవించుట దాని ప్రకారము నేరమే. దీనిలో సందేహము లేదు. అయితే అదే చట్టములో 64ఎ అనే సెక్షను ఉన్నది. అలవాటుపడినవాడు తానై ముందుకు వచ్చి, ప్రభుత్వము నడిపే లేక గుర్తించిన ఆసుపత్రిలో చికిత్సకు చేరితే, సేవించినందుకు గాని కొద్ది పరిమాణము దగ్గర ఉన్నందుకు గాని అతని మీద కేసు నడువకుండ అది రక్షణ ఇస్తుంది. చికిత్స పూర్తి చేయక మధ్యలో మానివేస్తే ఆ రక్షణ తీసివేయవచ్చును. అనగా దాచుకొని కూర్చున్న కుటుంబముకంటె చికిత్సకు తెచ్చిన కుటుంబమునే చట్టము ఎక్కువగా ఆదుకొంటున్నది. నేను దీనికి సరిగా తలక్రిందులుగా అనుకొన్నాను.

రెండవ సంగతి. ఇది ఎవరో పోకిరీ పిల్లల సమస్య అని మనము అనుకొంటాము. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ ఢిల్లీలోని ఎయిమ్స్ ద్వారా జరిపించి 2019లో ప్రకటించిన సర్వేను చూడండి. 10 నుండి 75 సంవత్సరముల వయస్సుగల వారిలో మద్యము త్రాగేవారు నూటికి 14.6 మంది, అనగా సుమారు 16 కోట్లు. గంజాయి, భంగు వంటివి వాడేవారు నూటికి 2.8 మంది. నల్లమందు, హెరాయిన్, ఆ జాతి మాత్రలు వాడేవారు నూటికి 2.1 మంది. కాని సొల్యూషన్, వైట్‌నర్ వంటివి పీల్చుటలో మాత్రము లెక్క తిరగబడినది. పెద్దలలో నూటికి ఒక్కరు కూడ లేరు. పిల్లలలో నూటికి 1.17 మంది ఉన్నారు. సైకిలు పంక్చరు అంటించే ట్యూబు ఏ అంగడిలోనైనా దొరుకుతుంది. దానికి ఏ దొంగ వ్యాపారి అక్కరలేదు.

ఆ లెక్కలో మద్యమే మొదట ఉన్నదని గమనించండి. సాయంత్రము పిల్లవానిని అంగడికి పంపి గుట్కా పొట్లము, సిగరెట్టు పెట్టె, సీసా తెప్పించుకొనే తండ్రి, అదే పిల్లవాని జేబులో గంజాయి దొరికినప్పుడు ఏ నోటితో గద్దిస్తాడు? యానాంలోని మనవారికి మద్యపు అంగళ్ళ సంగతి నేను చెప్పనక్కరలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టము 77వ సెక్షను ప్రకారము, వైద్యుని ఆజ్ఞ లేకుండ పిల్లలకు మద్యము, మత్తు పదార్థము, పొగాకు ఇచ్చినవారికి ఏడు సంవత్సరముల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చును. పండుగనాడు “ఒక గుటక త్రాగరా, మగవాడివి కావా” అనే మేనమామలు, బాబాయిలు ఈ సంగతి తెలిసికొనవలెను. చట్టమునకు భయపడి కాకపోయినా, ఆ గుటక పిల్లవాని మనస్సులో ఏ తలుపు తెరుస్తుందో ఆలోచించి మానవలెను.

మూడవ సంగతి కొంచెము కష్టమైనది. బిడ్డను నమ్మవలెనా, కనిపెట్టియుండవలెనా? జేబులు వెదకుట, ఫోను చూచుట న్యాయమా?

నా చెల్లెలు జేబు వెదకలేదు. బట్టలు ఉతికినది, అంతే. కాని తరువాత రెండు సంవత్సరములు ఆమె ప్రతి రాత్రి వాని సంచి వెదకుచుండేది. దొరికినది పారవేసేది. వానితో ఆ సంగతి ఎత్తేది కాదు. వాడు దాచే చోటు మార్చుకొన్నాడు. తల్లీ కుమారులు ఒకే ఇంటిలో దొంగా పోలీసు ఆట ఆడుకొన్నారు. దీనివలన నాకు అర్థమైనది ఇది: రహస్యముగా వెదకుట కనిపెట్టియుండుట కాదు. కనిపెట్టియుండుట అంటే ఎక్కడికి వెళ్తున్నావు, ఎవరితో వెళ్తున్నావు, ఎన్నింటికి వస్తావు అని ముఖాముఖిగా అడుగుట, వచ్చేవరకు మేలుకొనియుండుట, వచ్చినవానికి అన్నము పెట్టుచు మాట్లాడుట. మొదటిది అనుమానమునుండి పుట్టును. రెండవది సంబంధమునుండి పుట్టును. ప్రాణాపాయము ఉన్నదని తెలిసినప్పుడు వెదకవలసి రావచ్చును. అప్పుడైనను “వెదకుతున్నాను” అని చెప్పి వెదకుట మేలు.

ఐస్‌లాండ్ అనే చిన్న దేశము ఈ విషయములో చేసిన పని మనము తెలిసికొనదగినది. 1998లో అక్కడ 15, 16 ఏండ్ల పిల్లలలో నూటికి 42 మంది గడచిన నెలలో ఒకసారియైనా త్రాగి మత్తెక్కినట్లు చెప్పారు. 2016 నాటికి అది నూటికి 5కు దిగినది. ప్రతిదినము సిగరెట్టు కాల్చేవారు 23 నుండి 3కు, గంజాయి రుచి చూచినవారు 17 నుండి 7కు తగ్గారు. వారు ఏమి చేశారు? పిల్లలను భయపెట్టుటమీద ఆధారపడలేదు. ప్రతి పాఠశాలలో తల్లిదండ్రుల సంఘము ఉండవలెనని చట్టము చేశారు. రాత్రి ఫలానా గంట తరువాత పిల్లలు ఒంటరిగా బయట ఉండకూడదని నిర్ణయించారు. ఆటలకు, సంగీతమునకు, సాయంకాలపు క్లబ్బులకు ప్రభుత్వము డబ్బు పెట్టినది. అన్నిటికంటె ముఖ్యముగా, ఒక తరగతి పిల్లల తల్లిదండ్రులందరు కూడి ఒక ఒప్పందముమీద సంతకములు చేశారు: మా పిల్లలకు త్రాగుడు కొనిపెట్టము, పెద్దలు లేని విందులకు పంపము, ఒకరి పిల్లలను ఒకరము చూచుకొందుము అని.

ఐస్‌లాండ్ జనాభా మా హుబ్బళ్ళి ధార్వాడ జంట నగరములలో సగమైనా లేదు. ధనిక దేశము. వారి పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చి మన వీధిలో నాటలేము. కాని ఆ సంతకములలో ఉన్న నీతి మనకు పనికివచ్చును. ఒక తండ్రి ఒంటరిగా “ఎనిమిదింటికల్లా ఇంటికి రా” అంటే కుమారుడు “వాళ్ళ ఇంటిలో అనరు, మీరే అంటారు” అంటాడు. పది ఇండ్లవారు ఒకే మాట అంటే ఆ జవాబుకు తావుండదు. అందుచేత దాచుట ఇంకొక విధముగా కూడ తప్పు. అది ప్రతి ఇంటిని ఒంటరి చేయును.

మన కుటుంబములలో ఒంటరితనమునకు ఇంకొక కారణమున్నది. అది భాష. షోలాపూరులో మరమగ్గాలమీద పనిచేసే తండ్రి, బీడీలు చుట్టే తల్లి ఇంటిలో తెలుగు మాట్లాడుదురు. పిల్లవాడు స్నేహితులతో మరాఠీలో, హిందీలో మాట్లాడును. రాయగడలో ఒడియా, మద్రాసులో తమిళము, మా దగ్గర కన్నడము. మా మేనల్లుని ఇంటికి స్నేహితులు వచ్చినప్పుడు నా చెల్లెలు టీ పెట్టి ఇచ్చేది. వారు మాట్లాడే వేగమైన వీధి కన్నడములో సగము ఆమెకు అర్థము కాలేదు. ఆమె గదిలోనికి రాగానే వారు ఇంకా వేగముగా మాట్లాడేవారు. నలభై ఏండ్లు ఈ ఊరిలో ఉండి బిడ్డ స్నేహితుల మాట తెలియకపోయినదే అని ఆమె ఇప్పుడు విచారించును. తెలుగు పిల్లలకు నేర్పవలెనని మనము సరిగానే పోరాడుచున్నాము. పిల్లల లోకపు భాష మనము నేర్చుకొనుట కూడ అంతే అవసరము. వాని స్నేహితుల పేర్లు, వారి తల్లిదండ్రుల ఫోను నంబర్లు మీకు తెలుసునా? ఇది చిన్న ప్రశ్న. ఈ రాత్రి మీ ఇంటిలో వేసి చూడండి.

నాలుగవ సంగతి మన యౌవనస్థుల కూటములను గూర్చినది. మనము ఏటా ఒకసారి మత్తు పదార్థముల మీద ప్రత్యేక ప్రసంగము పెట్టి, భయంకరమైన బొమ్మలు చూపి, ఒకప్పుడు అలవాటుపడి బయటపడిన సహోదరుని చేత సాక్ష్యము చెప్పించి, అంతటితో మన బాధ్యత తీరినదని అనుకొంటాము. ఐక్యరాజ్య సమితి మాదక ద్రవ్యముల కార్యాలయము 2013లో నివారణకు అంతర్జాతీయ ప్రమాణములు ప్రకటించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి 2018లో వాటిని సవరించి మరల ప్రచురించినది. అనేక దేశముల పరిశోధనలు పరిశీలించి వారు చెప్పినదేమనగా, కేవలము భయపెట్టుట, మాజీ వ్యసనపరుల అనుభవములు వినిపించుట వలన పిల్లలలో మేలు కనబడలేదు, కొన్నిచోట్ల కీడు కూడ కలిగినది. మేలు కనబడిన మార్గములలో ఒకటి, తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చుట: పిల్లల మాట వినుట, నియమము పెట్టి దానిమీద నిలిచియుండుట, కొట్టకుండ సరిదిద్దుట, కుటుంబము కలిసి సమయము గడుపుట. ఒక్క రోజు ప్రసంగముగా కాక, వారము తరువాత వారము కూర్చొని నేర్చుకొనే తరగతులుగా ఇవి జరుగును. సాక్ష్యము ఆ సహోదరుని జీవితములో విలువైనదే. పెద్దలకు ధైర్యమిచ్చును. కాని పదమూడేండ్ల పిల్లవాడు దానిని విని “చూడు, అన్నీ వాడి కూడ బయటపడవచ్చు” అనే పాఠము నేర్చుకొనే ప్రమాదమున్నది.

ఇంతా వ్రాసిన తరువాత ఒక హెచ్చరిక. కుటుంబము పాత్ర గొప్పది అన్నప్పుడు, బిడ్డ చెడితే కుటుంబమే కారణము అని అర్థము తీయకూడదు. జాగ్రత్తగా పెంచిన ఇండ్లలో కూడ ఈ జబ్బు వచ్చును. ఇది జబ్బు అని ఒప్పుకొనుట మన దేశములో కొందరు తమ కన్నీటితో నేర్పినారు. మద్రాసులో శాంతి రంగనాథన్ గారు త్రాగుడు వలన భర్తను పోగొట్టుకొని, 1980లో ఆయన పేరు మీదనే చికిత్సా సంస్థను స్థాపించారు. అక్కడ రోగికి మాత్రమే గాక కుటుంబమునకు కూడ తరగతులు జరుగును. 1986లో పూనాలో అనిల్ అవచట్, ఆయన భార్య డాక్టర్ అనిత గారు ముక్తాంగణ్ ప్రారంభించారు. అక్కడ రోగుల భార్యలు కలిసి కూర్చొని మాట్లాడుకొనే ఏర్పాటు ఉన్నది. ఇంటివారికి కూడ ఊరట, బోధ కావలెనని ఈ రెండు చోట్ల గ్రహించారు. నిందను భుజముమీద మోసేవారు సహాయము అడుగలేరు. నింద దించితేనే తలుపు తెరుచుకొనును.

తప్పిపోయిన కుమారుని ఉపమానము మనకందరికి తెలిసినదే. నేను దానిని అనేకమారులు బోధించాను గాని ఒక సంగతి ఆలస్యముగా చూచాను. ఆ తండ్రి కుమారుని చీకటి పడిన తరువాత వెనుక తలుపున చేర్చుకొనలేదు. విందు చేసి, వాద్యములు మ్రోగించి చేర్చుకొన్నాడు. ఆ రోజున ఆయనకు పరువు గుర్తుకు రాలేదు. గొణిగినవాడు ఒకడే, మంచి పేరున్న పెద్ద కుమారుడు. మన సంఘములు ఆ ఇద్దరిలో ఎవరివలె ఉన్నవి?

మా సంఘములో ఇప్పుడు మేము కొన్ని చిన్న పనులు చేయుచున్నాము. నెలకొక శనివారము తల్లిదండ్రులు మాత్రమే కూడుదురు. అక్కడ చెప్పిన మాట బయటికి పోకూడదని మొదటనే ఒట్టు పెట్టుకొన్నాము. ఒకసారి ఒట్టు తప్పినవారిని మరల పిలువలేదు. పిల్లల స్నేహితుల పేర్లు, ఫోను నంబర్లు ఒకరికొకరము ఇచ్చుకొన్నాము. పెండ్లిళ్ళలో, పండుగలలో పిల్లల చేత మద్యము, గుట్కా తెప్పించము అని పద్దెనిమిది కుటుంబములవారు సంతకములు చేశారు. సాయంత్రము చర్చి ఆవరణములో వాలీబాలు నెట్టు కట్టాము. ప్రభుత్వపు ఉచిత సహాయ ఫోను నంబరు 14446 గోడమీద వ్రాయించాము. ఇవి గొప్ప పనులు కావు. డబ్బు ఖర్చు కూడ పెద్దగా లేదు.

మా మేనల్లుడు 2014లో చికిత్స పొంది, రెండుసార్లు మరల జారి, మరల లేచి, ఇప్పుడు ఆటో ఎలక్ట్రికల్ పని చేసికొనుచున్నాడు. మొదటిసారి జారినప్పుడు వాడు తానే వచ్చి, “మామయ్యా, మళ్ళీ వాడాను” అని చెప్పాడు. 2012 నాటి అరగంట గద్దింపుకంటె ఆ ఒక్క మాట ఎక్కువ మేలు చేసినది. ఎందుకంటే ఆ రోజు ఎవరూ తలుపు మూయలేదు.

వీధి చివరి తల్లికి నేను చివరకు జవాబు చెప్పాను. “అవునమ్మా, తెలుసు. చెప్పవలసినది. చెప్పలేదు. నన్ను క్షమించు” అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, “ఇంకొక తల్లికి చెప్పండి అన్నా” అని వెళ్ళిపోయినది.

అందుకే ఇది వ్రాశాను. మీ ఇంటిలో గాని, మీ వీధిలో గాని ఇటువంటిది మీకు తెలిసియుంటే, ఎవరికి చెబితే ఆ బిడ్డకు మేలో వారికి ఈ వారములోనే చెప్పండి.